తెల్లవారి ఆరూ ఇరవై అయిదు

“పిన్నీ! రోజూ పొద్దున్నే ఆరూ ఇరవై అయిదుకి చచ్చిపోతోంది” అంది మా అక్క కూతురు ఫోనులో, ఏడుపొక్కటే తక్కువగా.

నా చేతిలో కాఫీ కాస్తా చీర మీద ఒలికింది. రోజూ చచ్చిపోవడమేమిటి? నవలలు రాసేదాన్నే కానీ, నా పాత్రల్లో ఎవర్నీ ఒక్కసారికి మించి చంపిన పాపాన పోలేదు నేను. “ఎవరే? ఎవరు పోతున్నారు?” అని కంగారుగా అడిగితే, “సర్వరు, పిన్నీ!” అంది.

అది 2018 ఎండాకాలం. పిల్ల హైదరాబాదులో ఒక కంపెనీలో (పేరెందుకు లెండి) చేరి అప్పటికి నాలుగు నెలలు. ప్రొబేషను ఇంకా దాటలేదు. మా బావగారు రిటైరై ఏడాదయింది, తమ్ముడి చదువు మరో రెండేళ్ళుంది. ఇది సోమవారం నాడు సర్వరు తాలూకు ఫైలులో నాలుగు లైన్లు మార్చింది. మంగళవారం పొద్దున్న సర్వరు పడిపోయింది. బుధవారం మళ్ళీ. గురువారం మళ్ళీ. “ముట్టుకున్నది నువ్వేగా, సంజాయిషీ రాసివ్వు” అన్నాడట పైఅధికారి. మార్చిన నాలుగు లైన్లూ మళ్ళీ ఎప్పట్లాగే పెట్టేసినా, శుక్రవారం పొద్దున్న అదే వరస.

నేను చదివింది బి.ఏ. కంప్యూటరు మీద నాకొచ్చిన విద్య నవల టైపు చేసుకోవడం వరకే. కానీ, జబ్బు చేసిన వాళ్ళింటికి వెళ్ళినప్పుడు మనం డాక్టర్లం కాకపోయినా పక్కన కూర్చుంటాం కదా? “మొదట్నుంచీ చెప్పు” అన్నాను. అది చెప్పింది. అప్పుడు పట్టుకున్న పిచ్చి నన్నింకా వదల్లేదు. దొరికిందల్లా చదువుతూనే ఉన్నాను. మా వారు మాత్రం, “ఇంట్లో ఫ్యూజు పోతే నన్ను కేకేసే మనిషివి, నీకెందుకే ఇవన్నీ?” అంటూంటారు.

సర్వరంటే మరేం లేదు. మనం ఫోనులో ఏదైనా చిరునామా నొక్కితే, ఆ పేజీని తీసి పంపే కంప్యూటరు. అందులో ఆ పనికోసమే కూర్చున్న ప్రోగ్రామునీ అదే పేరుతో పిలుస్తారు. దానికొక చీటీ ఉంటుంది. పెళ్ళింట్లో వంట మేస్త్రీకి రాసిస్తాం చూడండి – ఎన్ని విస్తళ్ళు, ఏం కూర, ఎవరిని లోపలికి రానివ్వాలి అని – అలాంటి చీటీ. దాని పేరు కాన్ఫిగరేషను. పంక్తి మధ్యలో చీటీ మార్చాల్సి వచ్చిందనుకోండి. తింటున్న వాళ్ళని చెయ్యి పట్టుకు లేపేసి, పొయ్యిలార్పి, మళ్ళీ మొదలెట్టడం ఒక పద్ధతి. దాన్ని రీస్టార్టు అంటారు. కూర్చున్నవాళ్ళని కదపకుండా, తరవాతి పంక్తి నుంచి కొత్త చీటీ ప్రకారం వడ్డించడం రెండో పద్ధతి. అది రీలోడు. మా పిల్ల సర్వరు రీస్టార్టు చేస్తే నిక్షేపంలా లేచి కూర్చునేది. రీలోడు చేస్తే చచ్చేది. కష్టమంతా అక్కడే.

ఈ రకం సర్వర్లలో మొట్టమొదటిది 1990 చివర స్విట్జర్లాండులో పుట్టింది. జెనీవా దగ్గర సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో, టిమ్ బెర్నర్స్-లీ అనే ఇంగ్లీషాయన బల్ల మీద ఒక నల్లటి నెక్స్ట్ కంప్యూటరుండేది. ప్రపంచం మొత్తానికీ అదొక్కటే వెబ్ సర్వరు. అటుగా వెళ్ళే వాళ్ళెవరైనా పొరపాటున స్విచ్చి కట్టేస్తారేమోనని, ఇది సర్వరు సుమా, ఆపకండి అని ఒక చీటీ మీద ఎర్ర సిరాతో రాసి దానికి అంటించారు. ఆ చీటీ సంగతి చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. పాలు తోడుపెట్టి, ఆ గిన్నె జోలికి ఎవరూ వెళ్ళకుండా అరుగు మీంచే కేకలేస్తూండేది ఆవిడ.

ఆపకూడదు సరే, మార్చడమెలా? ఆ ఉపాయం వెబ్ కన్నా ముందే పుట్టింది. అమెరికాలో బెల్ లాబ్స్ అనే టెలిఫోను కంపెనీ ప్రయోగశాలలో 1970 ప్రాంతాల యూనిక్సు తయారయింది. ఆ రోజుల్లో దూరాన ఉన్నవాళ్ళు టెలిఫోను తీగ మీదుగా కంప్యూటరుతో మాట్లాడేవాళ్ళు. లైను తెగిపోతే, “అమ్మా, అవతల మనిషి ఫోను పెట్టేశాడు, ఇక నీ పని కట్టిపెట్టు” అని లోపలి ప్రోగ్రాముకి ఒక కబురు వెళ్ళేది. ఆ కబురు పేరు హ్యాంగప్. నంబరు 1.

అయితే ఎవరి ఫోనుకీ అతుక్కోకుండా, తెరవెనక నిరంతరం పనిచేసే ప్రోగ్రాములు కొన్ని ఉంటాయి. వాటికి డీమన్లని పేరు. 1963లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో పెట్టిన పేరది. భౌతికశాస్త్రంలో మాక్స్‌వెల్ ఊహించిన భూతం ఒకటుందిలెండి, అలుపు లేకుండా అణువుల్ని ఏరుతూ కూర్చునేది. దాని పేరే వీటికి పెట్టారు. ఈ భూతాలకి ఫోనే లేదాయె, పెట్టేశారన్న కబురు వాటికెందుకు? అలా పనికిరాకుండా పడున్న కబురుని ఎవరో పొదుపరి ఇల్లాలి బుర్రతో మరో పనికి వాడుకున్నారు: “నీ చీటీ మారింది, మళ్ళీ చదువుకో” అని చెప్పడానికి. పాత చీరని బొంత కుట్టుకున్నట్టు! యాభై ఏళ్ళ కిందట ఫోను పెట్టేసిన చప్పుడు ఈనాటికీ సర్వర్లలో వినిపిస్తూనే ఉంది.

మా పిల్ల దగ్గరున్నది అపాచీ అనే సర్వరు. దాని పుట్టుక ఒక అనాథ కథ. 1993లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో రాబ్ మెకూల్ అనే కుర్రవాడు ఒక సర్వరు రాశాడు. దేశదేశాల వాళ్ళూ దాన్ని వాడుకున్నారు. 1994 మధ్యలో అతను ఆ చోటు వదిలి వెళ్ళిపోయాడు. ఇక దాని బాగోగులు చూసే దిక్కు లేకపోయింది. వాడుతున్న వాళ్ళే ఎక్కడికక్కడ చిరుగులకి మాసికలు వేసుకుని, ఆ మాసికల్ని ఉత్తరాల్లో ఒకరికొకరు పంపుకునేవారు. 1995లో ఎనిమిది మంది చేరి ఆ మాసికలన్నీ కలిపి కుట్టారు. అపాచీ అన్నది అమెరికా ఆదివాసుల్లో ఒక తెగ పేరు. ఇంగ్లీషులో పలికితే మాసికల సర్వరు అనీ వినిపిస్తుంది. ఏడాది తిరిగేసరికల్లా, 1996లో, ప్రపంచంలో ఎక్కువమంది వాడే సర్వరు అదే అయింది. జీతం బత్తెం లేకుండా కుట్టిన బొంత!

అపాచీలో తల్లి ఒకతి, పిల్లలు చాలామంది. నా కల్పన కాదు, వాళ్ళ మాటలే అవి. తల్లి చీటీ చదువుతుంది. పిల్లలు వడ్డిస్తారు. రీలోడు చేస్తే తల్లి పిల్లల్తో, “చేతిలో పని ముగించుకుని వెళ్ళండర్రా” అని, కొత్త చీటీ చదివి, కొత్త పిల్లల్ని దింపుతుంది. అయితే కొత్త చీటీలో తప్పుంటే? దాని సూచనల పుస్తకంలో ఆ సంగతి చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. తల్లి వెళ్ళిపోతుంది. పిల్లలు మాత్రం, చేతిలో ఉన్న వడ్డన పూర్తయ్యేదాకా, తల్లి లేదని తెలియకుండా వడ్డిస్తూనే ఉంటారు. అందుకే రీలోడుకి ముందు చీటీని చదివించి చూసుకునే ఏర్పాటు ఒకటి పెట్టారు.

తరవాత రష్యాలో ఇగోర్ సిసోయెవ్ అనే ఆయన, 2004లో ఎంజిన్ఎక్స్ అనే మరో సర్వరు బయటపెట్టాడు. ఈ మేస్త్రీ గడుసువాడు. కొత్త చీటీ ముందు చదువుతాడు. అందులో తప్పుంటే దాన్ని అవతల పారేసి పాత చీటీతోనే వంట సాగిస్తాడు. బాగుంటే కొత్త వడ్డనవాళ్ళు నడుం బిగించాకే పాతవాళ్ళని గరిటె దించమంటాడు. ఏ ఇంట్లోనైనా కోడలు వచ్చీ రాగానే అత్తగారు తాళాలు విసిరికొట్టకుండా ఉంటే ఎంత బాగుంటుందో, అలా ఉంటుంది.

మా పిల్ల చీటీ చదివించి చూసింది. తప్పు లేదంది సర్వరు. అయినా రీలోడుతో చచ్చింది. చావుకి ముందు ఆఖరి మాటగా అది తన దినచర్య పుస్తకంలో రాసుకున్న వాక్యం నాకు చదివి వినిపించింది. తల్లిలో ఏదో పాడు తప్పు జరిగిందని దాని అర్థం. ఆ ‘పాడు’ అన్న విశేషణం నిజంగానే ఉంది. ఎప్పుడో ఏ కుర్రవాడో అర్ధరాత్రి విసుగులో రాసిన మాట ఇప్పటికీ అలాగే ఉండిపోయింది.

“అవునే, మీ దగ్గర ఆరూ ఇరవై అయిదుకి ఇంకేం జరుగుతుంది? పాలవాడొస్తాడా?” అన్నాను. నా గొప్పేం లేదు. తోచక అన్నమాట. ఫోనులో కాసేపు నిశ్శబ్దం.

“పాలవాడు కాదు పిన్నీ, పద్దు!” అంది.

వాళ్ళ సర్వరు నడిచేది డెబియన్ మీద. ఇక్కడ ఒక చిన్న ముచ్చట చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. 1993లో దాన్ని మొదలుపెట్టిన ఇయన్ మర్డాక్ తన స్నేహితురాలు డెబ్రా పేరూ, తన పేరూ కలిపి డెబియన్ అని పెట్టాడు. ఏ చెట్టు మీదో చెక్కి ఊరుకుంటారు మామూలుగా అందరూ! సరే, ఆ డెబియన్లో రోజువారీ చాకిరీకి ఒక వేళ ఉండేది. సరిగ్గా పొద్దున్న 6 గంటల 25 నిమిషాలు. మిగతా పనులతోపాటు, సర్వరు దినచర్య పుస్తకాన్ని ఆ వేళకే మార్చేవారు. మనం పాలపద్దు పుస్తకం నిండితే అటక మీద పెట్టి కొత్తది తీస్తాం చూడండి, అలాగే. కానీ సర్వరు తల వంచుకు రాసుకుపోతూంటుంది. పుస్తకాన్ని అటక మీద పెట్టినా దాని చెయ్యి పాత పుస్తకంలోనే రాస్తుంది. అందుకని దాన్ని తట్టి, “కొత్తది తీసుకో” అని చెప్పాలి. ఆ తట్టడమే రీలోడు! పిల్ల మార్చిన నాలుగు లైన్లకీ చావుకీ సంబంధమే లేదు. రోజూ తెల్లవారి ఎవరూ పిలవకుండానే ఒక రీలోడు జరుగుతోంది.

మరి అంతకుముందు ఏళ్ళ తరబడి రోజూ జరిగిన రీలోడుకి చావనిది ఇప్పుడెందుకు చస్తోంది? శనివారం రాత్రి అది ఆఫీసులోనే కూర్చుంది. అలాంటిదే మరో సర్వరు పక్కన పెట్టుకుని, అపాచీకి తగిలించిన అదనపు భాగాలన్నీ రాసుకుంది. వాటిని మాడ్యూళ్ళంటారు. సగం తీసేసి రీలోడు చేసింది. బతికింది. తీసినవాటిలో సగం తిరిగి పెట్టింది. బతికింది. మరో రెండు పెట్టింది. చచ్చింది. బియ్యంలో రాయి ఏరినట్టు, రాత్రి రెండున్నరకి ఒక్క మాడ్యూలు దగ్గర తేలింది. అదే సోమవారం నాడు వేరే విభాగం వాళ్ళు కొత్తగా వేసిన మాడ్యూలది. వేసిన సంగతి వాళ్ళెవరికీ చెప్పనూ లేదు, వాళ్ళనెవరూ అడగనూ లేదు.

రీలోడులో తల్లి చావదు కదా? తన ఒంట్లోంచి మాడ్యూళ్ళన్నీ దించేసి మళ్ళీ ఎక్కించుకుంటుంది. ఎక్కేటప్పుడు అవి పాత అలమరలోనే కూర్చుంటాయన్న నమ్మకం లేదు. ఈ కొత్త మాడ్యూలు తెచ్చిపెట్టిన సామానొకటి, దించేశాక కూడా పాత చిరునామానే మనసులో పెట్టుకుంది. పిలవగానే పాత అలమర ఉన్న చోట చెయ్యి పెట్టింది. అక్కడ అలమర లేదు సరికదా, గోడే లేదు. రీస్టార్టు చేస్తే మాత్రం తల్లితో సహా అందరూ కొత్తవాళ్ళే. జ్ఞాపకాలు లేవు గనక బాధా లేదు. కథలు రాసేదాన్ని, నాకు అర్థం కాకుండా పోతుందా?

తాత్కాలికంగా పొద్దున్న రీలోడు బదులు రీస్టార్టు పెట్టి, తరవాత ఆ మాడ్యూలుకి సరిచేసిన ప్రతి తెప్పించి వేశారు. సంజాయిషీ కాగితం సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఇచ్చిన కాగితం ఇచ్చినట్టే ఫైల్లో ఉండిపోయింది. ఆ ఏడు దాని ప్రొబేషను మరో మూడు నెలలు పొడిగించారు. కారణమేమీ రాయలేదు.

అప్పుడు దానికి ధైర్యం చెబుదామని నేను వెతికి పట్టుకున్న కథ 1990 నాటిది. ఆ ఏడు జనవరి 15న అమెరికాలో ఏటీ అండ్ టీ వారి దూరప్రాంతాల టెలిఫోన్లు తొమ్మిది గంటలపాటు అస్తవ్యస్తమయ్యాయి. పెట్టిన కాల్సులో ఇంచుమించు సగం అందలేదు. న్యూయార్కులో ఒక ఎక్స్ఛేంజి చిన్న నలత చేసి, కొన్ని సెకన్లు ఆగి, తిరిగి లేచింది. లేచి చుట్టుపక్కల వాటికి “నేను వచ్చేశాను” అని కబురంపింది. ఆ కబురు అందుకున్నవి, తమ పాటికి తాము సర్దుకునేలోపల, అదే చోటునుంచి మరో కబురొస్తే తట్టుకోలేక పడిపోయేవి. పడ్డవి లేచి తామూ వచ్చేశామని కబురంపేవి. దాంతో వాటి పక్కవి పడేవి. అలా 114 ఎక్స్ఛేంజీలూ ఒకదాన్ని ఒకటి లేపుకుంటూ, పడగొట్టుకుంటూ కూర్చున్నాయి. దొంగలెవరో లోపలికి జొరబడ్డారని మొదట్లో అనుమానించారు. చివరికి తేలిందేమిటంటే, నెల కిందట అన్నింట్లోనూ వేసిన కొత్త ప్రోగ్రాములో ఒకే ఒక్క మాట ఉండకూడని చోట ఉంది. పరామర్శకి వచ్చినవాళ్ళ ఏడుపుతో రోగి మళ్ళీ పడకేసే ఇళ్ళు నాకు తెలుసు గనక, కథ తేలిగ్గానే అర్థమయింది.

2024 జులై 19న జరిగింది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ సంస్థ పంపిన చిన్న ఫైలొకటి చదివి దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. ఇరవై గళ్ళు ఉంటాయనుకున్న చోట ఇరవై ఒకటో గడి కోసం చెయ్యి చాచాయి, అంతే. మన విమానాశ్రయాల్లో ప్రయాణికులకి బోర్డింగు పాసులు చేత్తో రాసిచ్చారు. హైదరాబాదు నుంచి కలకత్తా వెళ్ళే ప్రయాణికుడి చేతిరాత పాసు ఫొటో దేశమంతా తిరిగింది. దస్తూరీ బాగుంది కూడానూ.

కిందటి ఏడాది, 2025 నవంబరు 18 మంగళవారం నాటి కథ మాత్రం మా పిల్ల కథకి అచ్చంగా పెద్దక్క. లోకంలో ఎన్నో వెబ్‌సైట్లకి వాకిట్లో కాపలా కాసే క్లౌడ్‌ఫ్లేర్ అనే సంస్థ ఉంది. వచ్చేది మనిషా, మరయంత్రమా అని పోల్చుకోవడానికి దానికి ఒక ఆనవాళ్ళ జాబితా ఉంటుంది. ఆ జాబితాని అయిదేసి నిమిషాలకోసారి కొత్తగా తయారుచేసి ప్రపంచమంతా పంచుతారు. మామూలుగా అందులో అరవై ఆనవాళ్ళుంటాయి. రెండు వందలు దాటవులే అని ప్రోగ్రాములో హద్దు పెట్టుకున్నారు. ఆ రోజు డేటాబేసులో ఎవరికి ఏది కనపడాలన్న అనుమతులేవో సవరించారు. దాంతో ఒక్కొక్క ఆనవాలూ ఒకటికి మించి పడింది. జాబితా హద్దు దాటింది. దాన్ని చదివిన ప్రోగ్రాము, పట్టనిది పక్కన పెడదామనుకోకుండా, పొయ్యి ఆర్పి వెళ్ళిపోయింది. మన సాయంత్రం 4 గంటల 50 నిమిషాలకి మొదలైంది గొడవ. చాట్‌జీపీటీ, ఎక్స్‌లాంటివన్నీ మూలపడ్డాయి.

విచిత్రమేమిటంటే, కాసేపు పడిపోయి కాసేపటికి దానంతటదే లేచేది. ఏ జబ్బయినా అలా చేస్తే దెయ్యం పట్టిందంటాం. వాళ్ళూ అలాగే, ఎవరో శత్రువులు దాడి చేస్తున్నారనుకున్నారు. పైగా, తమ యోగక్షేమాలు లోకానికి చెప్పే పేజీ వేరే చోట ఉన్నది కూడా సరిగ్గా అప్పుడే, ఏ సంబంధమూ లేకుండా, మొరాయించింది. ఇంకేం, అనుమానం బలపడింది. అసలు సంగతేమిటంటే, అనుమతుల సవరణ డేటాబేసు యంత్రాలన్నిటికీ ఇంకా చేరలేదు. జాబితా పాత యంత్రంలో తయారైతే మంచిది, కొత్తదాంట్లో తయారైతే చెడ్డది. అయిదు నిమిషాలకోసారి ప్రాణం వచ్చేది, పోయేది. మా పిల్లకి ఇరవై నాలుగు గంటలకోసారి, అంతే తేడా. జాబితా తయారీ ఆపి, బాగున్న పాతదాన్ని చేతులతో అందించాక రాత్రి 8 గంటలకి తెరిపిన పడింది. పూర్తిగా సర్దుకునేసరికి పదిన్నర దాటింది. మళ్ళీ మూడు వారాలు తిరక్కుండానే, డిసెంబరు 5న ఇంకో మార్పు చేస్తూ మరో పాతిక నిమిషాలు పడిపోయారు, పాపం.

ఆ నవంబరు రాత్రే వాళ్ళు జరిగిందంతా, ప్రోగ్రాములోని వాక్యంతో సహా, లోకానికి రాసి పెట్టారు. నేను మా పిల్లకి ఫోను చేసి అందులో ఎవరి పేరుందో చూడమన్నాను. అదిప్పుడు బెంగుళూరులో మరో కంపెనీలో, పదిమందికి పైఅధికారి. చదివి, “ఎవరి పేరూ లేదు పిన్నీ. అనుమతులు ఫలానా వేళకి మార్చబడినవి, అని ఉంది” అంది. మనం కర్మణి ప్రయోగం రాస్తే తెలుగు మాస్టారు కొట్టేసేవారు. అక్కడ అదే ఎంత చల్లగా ఉందో!

“మరి నీ కింద వాళ్ళు తప్పు చేస్తే నువ్వు సంజాయిషీ రాయిస్తావుటే?” అని అడిగాను.

“రాయిస్తాను. కానీ ఏం జరిగిందో రాయమంటాను. ఎవరు చేశారో రాయనివ్వను” అంది. తరవాత నవ్వి, “పిన్నీ, ఆ ఆదివారం పొద్దున్న నీకొక మెసేజి పెట్టాను, చూశావా అసలు?” అంది.

చూడలేదు. ఆ రోజుల్లో నాకు ఫోనులో అవన్నీ చూసే అలవాటు లేదు. మా వారి చేత పాత ఫోను బయటికి తీయించి, ఛార్జి పెట్టి, వెతికి చూశాను. ఉంది. 2018లో ఆ ఆదివారం, పొద్దున్న 6 గంటల 26 నిమిషాలకి: “బతికే ఉంది.”